కొత్త స్టోరేజ్ వస్తోంది: బిగించే రోజు ఏం చూసుకోవాలి, ఆ తర్వాత ఏం చేస్తుండాలి?

మీరు అడిగింది ఇదీ: ఇన్నేళ్లూ సర్వర్లు చూసుకున్నారు. ఇప్పుడు రెండు కంట్రోలర్లు, అంటే స్టోరేజ్‌ని నడిపే మెదళ్లు, నాలుగు డిస్క్ షెల్ఫులు, అంటే డిస్కులు పట్టే పెట్టెలు, ఉన్న స్టోరేజ్ ఒకటి మీ చేతికి రాబోతోంది, ఆర్డర్ మీద సంతకం ఇంకా కాలేదు. వెండర్ ఇంజినీరు ఒక్క రోజు వచ్చి బిగించి వెళ్లిపోతాడు. ఆ రోజు పక్కన నిలబడి ఏం గమనించాలి, అతను వెళ్లాక మీరు ఏం చేస్తుండాలి?

సర్వర్లు బిగించిన చేతికి స్క్రూలు, రెయిల్స్, కేబుళ్లు కొత్తేమీ కాదు. కొత్తది దీని స్వభావం. సర్వర్ పడిపోతే పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. స్టోరేజ్‌లో అన్నీ జంటలే: కంట్రోలర్లు రెండు, పవర్ సప్లైలు రెండు, ప్రతి షెల్ఫుకీ దారులు రెండు. ఒకటి పోతే రెండోది కిమ్మనకుండా బరువంతా మోస్తుంది. మొదటి దెబ్బ ఎవరికీ తెలియదు. రెండో దెబ్బకి మాత్రం ఆఫీసంతా మీ టేబుల్ చుట్టూ చేరుతుంది. ఆ మొదటి దెబ్బని రెండోది తగిలేలోపు పట్టుకోవడమే మీ ఉద్యోగం అనుకోండి. నేను కింద రాసేదంతా దాని కోసమే.

నేను ఈ పనికి కొత్తగా ఉన్నప్పుడు మా స్టోరేజ్ ఒకటి ఎనిమిది నెలలు ఒంటికాలి మీద నడిచింది. చిన్న సెటప్, ఒక్కో కంట్రోలర్ నుంచి స్విచ్‌కి ఒక్కటే లింకు. రెండో కంట్రోలర్ వైపు ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్, అంటే ఫైబర్ కేబుల్‌ని పోర్టుకి కలిపే చిన్న ముక్క, పోయింది. హెచ్చరిక మెయిల్ వెళ్లకపోలేదు. వెళ్లింది, కానీ అప్పటికే ఉద్యోగం మానేసిన ఒకాయన మెయిల్‌బాక్స్‌కి. ఎవరి పనీ ఆగలేదు కాబట్టి ఎవరూ అటు చూడలేదు. ఒక శనివారం రాత్రి, కంట్రోలర్లు వంతులవారీగా రీబూట్ అవుతాయి కదా, ఏమీ ఆగదులే అన్న ధైర్యంతో ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. మొదటి కంట్రోలర్ రీబూట్‌కి వెళ్లింది. డేటాబేస్ సర్వర్లన్నీ ఒక్కసారిగా డిస్కులు కనబడటం లేదన్నాయి. పరికరం తప్పేమీ లేదు. అది చెప్పాల్సింది చెప్పింది, వినడానికి ఎవరూ లేరు.

ఇక బిగింపు సంగతి. ముందు బరువు. పెద్ద సైజు డిస్కు ఒక్కోటి 700 గ్రాముల దాకా తూగుతుంది. 84 డిస్కులు పట్టే షెల్ఫయితే డిస్కుల బరువే 60 కిలోలకు దగ్గర, చాసిస్‌తో కలిపి 100 కిలోలు సులువుగా దాటుతుంది. అందుకే ఖాళీ చాసిస్‌ని ముందు ర్యాక్‌లో కూర్చోబెట్టి, రెయిల్స్‌కి స్క్రూలు బిగించి, ఆ తర్వాతే డిస్కులు ఎక్కించాలి. బరువైనది అట్టడుగున ఉండాలి. సొరుగులా బయటికి వచ్చే షెల్ఫులైతే ఒకసారికి ఒక్కటే లాగండి. రెండు లాగితే ర్యాక్ ముందుకు ఒరుగుతుంది. ఈ మాట ప్రతి మాన్యువల్‌లోనూ ఉంటుంది, ప్రతిచోటా ఎవరో ఒకరు మర్చిపోతారు. ర్యాక్ లోతు కూడా ముందే కొలుచుకోండి. ఈ దట్టమైన షెల్ఫులు మీటరు పొడవుకు దగ్గరగా ఉంటాయి, వెనక తలుపు మూయడానికి కేబుళ్లు అడ్డం వచ్చాయని ఆ రోజు తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

చల్లటి లారీలోంచో గోడౌన్‌లోంచో దింపిన పెట్టెని వెంటనే ఆన్ చేయకండి. గది వేడికి అలవాటు పడేదాకా, వీలైతే ఒక రోజంతా, ప్యాకింగ్‌లోనే ఉంచండి. లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. అట్టపెట్టెలు మాత్రం సర్వర్ రూం బయటే విప్పాలి. అట్ట నుంచి రాలే నూగు ఫ్యాన్లలోకి, ఫైబర్ కనెక్టర్లలోకి చేరుతుంది.

పవర్ దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. రెండు పవర్ సప్లైలు ఉన్నాయి, రెండు పీడీయూలకి, అంటే ర్యాక్‌లో కరెంటు పంచే ప్లగ్ పట్టీలకి, పెట్టాం, అయిపోయింది అనుకుంటారు. లెక్క వేయండి. ఒక్కో వైపు బ్రేకర్ 16 ఆంపియర్లది, రెండు వైపులా మీటర్లు చెరి 10 చూపిస్తున్నాయి. చూడటానికి నిమ్మళంగా ఉంది. ఒక వైపు కరెంటు పోయిన క్షణంలో రెండో వైపు మీద 20 పడుతుంది, కాసేపటికి ఆ బ్రేకరూ పడిపోతుంది. జంట ఉండి ఏం లాభం? బ్రేకర్‌ని నిరంతరంగా 80 శాతానికి మించి వాడకూడదన్న అలవాటు ప్రకారం చూస్తే 16 ఆంపియర్లలో చేతికొచ్చేది 12.8. అందులో సగం, అంటే 6.4, ఒక్కో వైపు మామూలు రోజున ఉండాల్సిన హద్దు. అసలు ఆ రెండు పీడీయూలూ పైకి వెళ్లి ఒకే యూపీఎస్‌లో కలుస్తున్నాయేమో కూడా కేబుల్ పట్టుకుని వెళ్లి చూడండి. కాగితం మీద డ్రాయింగ్‌ని నమ్మొద్దు.

ఆన్ చేసే వరస: స్విచ్‌లు, తర్వాత డిస్క్ షెల్ఫులు, డిస్కులన్నీ తిరగడం మొదలై లైట్లు స్థిరపడ్డాక కంట్రోలర్లు, చివరికి సర్వర్లు. ఆపేటప్పుడు ఇదే తిరగేసి. కంట్రోలర్ ముందు లేచి షెల్ఫులు కనబడకపోతే డిస్కులు పోయాయనుకుని గోల మొదలుపెడుతుంది.

ఇప్పుడు శాస్ కేబులింగ్, అంటే కంట్రోలర్లనీ డిస్క్ షెల్ఫులనీ కలిపే కేబుళ్లు. దీనికి ఓపిక కావాలి. కంట్రోలర్ల నుంచి షెల్ఫులకి కేబుళ్లు గొలుసులా వెళ్తాయి: కంట్రోలర్ నుంచి ఒకటో షెల్ఫు, అక్కడి నుంచి రెండు, మూడు, నాలుగు. రెండు కంట్రోలర్ల గొలుసులూ పై నుంచే కిందికి వేశారనుకోండి. రెండో షెల్ఫు పూర్తిగా పోతే మూడు, నాలుగు కూడా రెండు కంట్రోలర్లకీ కనబడకుండా పోతాయి. అదే ఒక గొలుసు పై నుంచి కిందికి, రెండోది కింది నుంచి పైకి వేస్తే, రెండో షెల్ఫు పోయినా మొదటి గొలుసులో ఒకటీ, రెండో గొలుసులో నాలుగూ మూడూ నిలబడతాయి. కేబుళ్ల ఖర్చు అంతే, పడే శ్రమ అంతే. మీ మోడల్‌కి గైడ్‌లో ఏ బొమ్మ ఇచ్చారో దాన్నే పాటించండి, కానీ బొమ్మ వెనక ఉన్న ఈ లెక్క అర్థం చేసుకుని పాటిస్తే ఇంజినీరు తొందరలో ఒక కేబుల్ మార్చి పెట్టినా మీ కంటికి ఆనుతుంది. ఒక గొలుసుకి ఒక రంగు ట్యాగులు కట్టండి. ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా లేబుల్ ఉండాలి, లేబుల్ మీద ఈ చివర ఎక్కడుంది, ఆ చివర ఎక్కడుంది, రెండూ రాయాలి. రాత్రి రెండింటికి ర్యాక్ వెనక టార్చ్ నోట్లో పెట్టుకుని వెతికిన వాడికి ఆ లేబుల్ విలువ తెలుసు.

ఫైబర్ విషయంలో ఒకే మాట: కొత్త ప్యాకెట్‌లోంచి తీసిందైనా సరే, పెట్టే ముందు క్లీనర్‌తో చివర తుడవండి. మల్టీమోడ్ ఫైబర్‌లో కాంతి వెళ్లే మధ్యభాగం 50 మైక్రాన్లే. కంటికి కనబడని దుమ్ము రేణువు చాలు దాన్ని మూయడానికి. మరీ విచిత్రం ఏమిటంటే లింక్ పూర్తిగా పోదు. లైటు పచ్చగానే ఉంటుంది, లోపల డేటా చెడి వచ్చిందని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్లు పేరుకుంటూ ఉంటాయి, సర్వర్ వైపు అప్పుడప్పుడు ఆగి ఆగి నడుస్తున్నట్టు ఉంటుంది. చచ్చిన లింక్ కంటే కొనఊపిరితో ఉన్న లింక్ ప్రమాదం, ఎందుకంటే మల్టీపాత్, అంటే సర్వర్‌లో స్టోరేజ్ దారులన్నిటినీ చూసుకునే సాఫ్ట్‌వేర్, దాన్ని బతికున్నదిగానే లెక్కేస్తుంది. మొదటి రోజునే ప్రతి పోర్టులోనూ అందుతున్న కాంతి ఎంతో స్విచ్‌లో చూసి రాసి పెట్టుకోండి. ఏడాది తర్వాత ఎంత తగ్గిందో తెలియాలంటే మొదటి అంకె ఉండాలి కదా. రెండు ఫ్యాబ్రిక్‌లని, అంటే సర్వర్లకీ స్టోరేజ్‌కీ మధ్య ఉన్న రెండు వేర్వేరు స్విచ్ నెట్‌వర్కులని, ఎక్కడా కలపకండి. ఏ సర్వర్ ఏ స్టోరేజ్ పోర్టుని చూడాలో స్విచ్‌లో చెప్పే జోనింగ్‌లో ఒక జోన్‌కి ఒకే ఇనీషియేటర్, అంటే ఒకే సర్వర్ పోర్టు.

ఇంజినీరు సంతకం అడుగుతాడు. అప్పుడే పెట్టకండి. డేటా ఇంకా పడలేదు, ఇలాంటి రోజు మళ్లీ రాదు. ఒక సర్వర్ నుంచి టెస్ట్ లోడ్ నడిపిస్తూ కేబుళ్లు పీకడం మొదలుపెట్టండి. ఒక పవర్ కేబుల్ పీకండి, లోడ్ ఆగిందా చూడండి, హెచ్చరిక మీ ఫోన్‌కి వచ్చిందా చూడండి, తిరిగి పెట్టండి, హెచ్చరిక తొలగిందా చూడండి. తర్వాత రెండోది. తర్వాత ఒక్కో శాస్ కేబుల్, ఒక్కో ఫైబర్, ఒక పీడీయూ మొత్తం, చివరికి ఒక కంట్రోలరే బయటికి. ప్రతిసారీ ముందు పీకినది పెట్టి, దారులన్నీ మళ్లీ లేచాయని సర్వర్‌లో మల్టీపాత్ చూశాకే తర్వాతది. రెండు మూడు గంటల పని. ఇంజినీరు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి. నేను చేయించినప్పుడు రెండు చోట్ల తేడాలు బయటపడ్డాయి. ఒకచోట రెండు పవర్ కేబుళ్లూ ఒకే పీడీయూకి వెళ్లాయి. ఇంకోచోట అన్నీ సరిగ్గా ఉన్నాయి, హెచ్చరిక మెయిల్ ఒక్కటే రాలేదు, మెయిల్ సర్వర్ పేరులో ఒక అక్షరం తప్పు. నా లెక్కలో రెండోదే పెద్ద తప్పు.

మెయిల్ ఒక మనిషి పేరు మీద కాకుండా గ్రూప్ పేరు మీద పెట్టండి. కారణం పైనే చెప్పాను.

రెయిడ్, అంటే డిస్కు పోయినా డేటా పోకుండా చాలా డిస్కుల మీద పరిచే పద్ధతి, దగ్గర మీరు ఐదా ఆరా అని అడిగారు. ఐదు ఒక డిస్కు పోయినా, ఆరు రెండు పోయినా తట్టుకుంటుంది. పెద్ద డిస్కులకి ఐదు వద్దు. లెక్క ఇదిగో: 20 టెరాబైట్ల డిస్కు పోయి కొత్తది పెట్టారు. సెకనుకి 200 మెగాబైట్ల చొప్పున ఆపకుండా రాసినా రీబిల్డ్‌కి, అంటే పోయిన డేటాని కొత్త డిస్కులో తిరిగి నింపడానికి, లక్ష సెకన్లు, అంటే దాదాపు 28 గంటలు. మామూలు పని కూడా నడుస్తుంటే రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ మిగతా డిస్కులు మొదటి చివర నుంచి ఆఖరి చివర దాకా చదవబడుతూనే ఉంటాయి, అవీ అదే వయసువి. మూలిగే నక్క మీద తాటిపండు పడటం అంటే ఇదే. పైగా ఎంటర్‌ప్రైజ్ హార్డ్ డిస్కుల స్పెసిఫికేషన్‌లో చదవలేని సెక్టర్ రేటు సాధారణంగా ఒకటి పక్కన 15 సున్నాలు పెట్టినన్ని బిట్లకి ఒకటిలోపు అని ఉంటుంది. అంటే 125 టెరాబైట్లకి ఒకటి. ఎనిమిది డిస్కుల రెయిడ్ ఐదులో ఒకటి పోతే మిగతా ఏడింటి నుంచి చదవాల్సింది 140 టెరాబైట్లు. నిజానికి డిస్కులు కాగితం మీది హద్దు కంటే బాగానే నడుస్తాయి, అయినా ఆ జూదం మీ కంపెనీ డేటాతో ఎందుకు? రెండు పారిటీలున్న, అంటే పోయిన డేటాని తిరిగి లెక్కగట్టే సమాచారం రెండింతలున్న, రెయిడ్ ఆరు తీసుకోండి, హాట్ స్పేర్, అంటే ఏ డిస్కు పోయినా దాని స్థానంలోకి వెంటనే వచ్చే ఖాళీ డిస్కు, ఉంచండి.

డిస్కులన్నిటినీ అప్పుడప్పుడు పూర్తిగా చదివి చూసే స్క్రబ్ లేదా పేట్రోల్ రీడ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో తప్పక చూడండి. ఎవరూ తెరవని పాత ఫైళ్ల కింద చెడిన సెక్టర్లు నెలల తరబడి దాక్కుని, సరిగ్గా రీబిల్డ్ రోజున బయటికొస్తాయి. స్క్రబ్ వాటిని ముందే చదివి, పారిటీ ఉండగానే బాగుచేస్తుంది. వేగం తగ్గుతోందని దీన్ని ఆపేసేవాళ్లని చూశాను. తగ్గే మాట నిజమే, రాత్రిపూటకి మార్చుకోండి, ఆపకండి.

స్మార్ట్ అంకెల మీద, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే చెప్పే లెక్కల మీద, పూర్తి భరోసా పెట్టుకోకండి. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన పరిశీలనలో, చెడిపోయిన వాటిలో 56 శాతానికి పైగా డిస్కులు నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. రీఅలోకేటెడ్ సెక్టర్లు, అంటే చెడిపోయి వేరే చోటికి మార్చినవి, పెరుగుతుంటే డిస్కు మార్చండి, సరే. పెరగకపోతే ఆరోగ్యంగా ఉందని మాత్రం అనుకోకండి.

డిస్కు మార్చడం అన్నిటికంటే చిన్న పని, అన్నిటికంటే ఎక్కువ నష్టాలు జరిగేదీ అక్కడే. ఒకసారి మా స్క్రీన్ మీద ఏడో స్లాట్ డిస్కు పోయిందని వచ్చింది. సహోద్యోగి వెళ్లి షెల్ఫు మీద ఏడు అని స్టిక్కర్ ఉన్న డిస్కు లాగాడు. సాఫ్ట్‌వేర్ సున్నా నుంచి లెక్కపెడుతోంది, స్టిక్కర్లు ఒకటి నుంచి. బాగున్న డిస్కు చేతిలో ఉంది, చెడ్డది షెల్ఫులో ఉంది. రెయిడ్ ఆరు కాబట్టి బతికాం.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ముందు డిస్కు సీరియల్ నంబరు సాఫ్ట్‌వేర్‌లోంచి కాగితం మీద రాసుకుంటాను. సాఫ్ట్‌వేర్ నుంచి ఆ డిస్కు లొకేట్ లైటు వెలిగించి, ర్యాక్ దగ్గరికి వెళ్లి మెరుస్తున్నది ఒక్కటేనని చూస్తాను. ఆ లైటు ఆపించి, మెరుపు ఆగిందని చూసి, మళ్లీ వెలిగించమంటాను. వెలుగుతున్న లైటు నేను అడిగిందేనా, వేరేదా అని తేలేది అక్కడే. తర్వాత హ్యాండిల్ తెరిచి డిస్కుని రెండు వేళ్ల మందం బయటికి లాగి ఆగుతాను. కనెక్టర్ వదిలేసింది, లోపల పళ్లెం మాత్రం ఇంకా తిరుగుతోంది. చేతిలో పట్టుకుంటే గిర్రున తిరిగే బొంగరంలా మణికట్టుని మెలిపెట్టడం తెలుస్తుంది. అర నిమిషం ఆగి, తిరుగుడు ఆగాక పూర్తిగా తీసి, లేబుల్ మీద సీరియల్ నంబరుని కాగితంతో పోల్చుకుంటాను. అప్పుడే కొత్తది. రీబిల్డ్ మొదలైందని స్క్రీన్ మీద చూసే దాకా అక్కడి నుంచి కదలను. ఒకే గ్రూపులో రెండు డిస్కులు హెచ్చరిక ఇస్తుంటే పూర్తిగా పోయినదాన్ని ముందు మార్చి, రీబిల్డ్ అయ్యాక రెండోది. ఇద్దరు మనుషులు రెండు వైపులా ఒకేసారి మార్చడం వద్దు.

ఫర్మ్‌వేర్ గురించి రెండు వర్గాలున్నాయి: నడుస్తున్నదాన్ని కదపొద్దనేవాళ్లు, వచ్చిన రోజే వేసేవాళ్లు. కంట్రోలర్ ఫర్మ్‌వేర్ విషయంలో నేను కొంచెం ఆగేవాణ్ణే. డిస్కుల ఫర్మ్‌వేర్ నోటీసులు మాత్రం వచ్చిన రోజే చదువుతాను. 2019 నవంబరులో సర్వర్లు, స్టోరేజ్ అమ్మే హెచ్‌పీఈ కంపెనీ ఒక ప్రకటన చేసింది: కొన్ని శాస్ ఎస్‌ఎస్‌డీలు పాత ఫర్మ్‌వేర్‌తో ఉంటే సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయి, డేటా తిరిగి రాదు. 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. 2020 మార్చిలో వేరే మోడళ్లకి 40,000 గంటల దగ్గర అలాంటిదే ఇంకోటి ప్రకటించింది. ఆలోచించండి, షెల్ఫులో డిస్కులన్నీ ఒకే రోజు ఆన్ చేసినవి. అన్నీ ఒకే గంటకి చేరుతాయి. ఒకటి ముందూ ఒకటి వెనకా పోతాయన్న నమ్మకం మీద కట్టిన రెయిడ్ అక్కడ ఏం చేస్తుంది? అందుకే డిస్కు మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, నడిచిన గంటలు, ఈ మూడు కాలమ్‌లతో ఒక షీట్ పెట్టుకోండి. నోటీసు వచ్చిన రోజు ఐదు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. అప్‌గ్రేడ్‌కి ముందు ప్రతి సర్వర్‌లోనూ దారులు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. నా శనివారం రాత్రి మీకు రాకూడదు.

క్యాష్ బ్యాటరీ, అంటే డిస్కుకి ఇంకా చేరని డేటాని కరెంటు పోయినా కాపాడేది, చూడటానికి చిన్న వస్తువే. అది బలహీనపడితే కంట్రోలర్ జాగ్రత్తపడి రైట్‌బ్యాక్ (క్యాష్‌లో పడగానే రాసేశానని చెప్పడం) నుంచి రైట్‌త్రూకి (డిస్కుకి చేరాకే చెప్పడం) మారుతుంది. డేటాకి ఢోకా లేదు, వేగం కుప్పకూలుతుంది. ఉన్నట్టుండి డేటాబేస్ నెమ్మదించిందని ఫిర్యాదు వస్తే క్వెరీల మీద పడేముందు బ్యాటరీ స్థితి చూడండి. ఫ్లాష్, కెపాసిటర్లతో వచ్చే కొత్త మోడళ్లలో ఈ బెడద తక్కువ.

గది ఉష్ణోగ్రత 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలు, ఏసీ, శీతలీకరణ ఇంజినీర్ల సంఘం ఆష్రే సిఫారసు అదే. చలికి వణికేంత పెట్టనవసరం లేదు. ఖాళీ స్లాట్లలో డమ్మీలు, ర్యాక్‌లోని ఖాళీ అరల్లో బ్లాంక్ ప్యానెళ్లు మాత్రం తప్పకుండా ఉంచండి, లేకపోతే వేడిగాలి ముందుకి తిరిగొస్తుంది. శబ్దం గురించి ఎవరూ అడగరు కానీ చెప్తాను. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ డిస్క్ షెల్ఫు ముందు నిలబడి గట్టిగా అరిచి, ఆ క్షణంలో డిస్కుల లేటెన్సీ, అంటే జవాబివ్వడానికి పట్టే సమయం, పైకి లేవడం గ్రాఫులో చూపించాడు. 2016 సెప్టెంబరులో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో అగ్నిమాపక పరీక్ష చేస్తే, గ్యాస్ బయటికి దూసుకొచ్చిన శబ్దానికే డిస్కులు దెబ్బతిని గంటల తరబడి బ్యాంకు సేవలు ఆగాయి. మీ గదిలో గ్యాస్ పరీక్ష ఉందని భవనం వాళ్లు చెప్తే ముందురోజు బ్యాకప్ చూసుకోండి.

బ్యాకప్ అన్నాను కాబట్టి: రెయిడ్ బ్యాకప్ కాదు, అదే పెట్టెలో ఉన్న స్నాప్‌షాట్, అంటే ఒక క్షణంలోని డేటా నకలు, కూడా కాదు. మూడు నెలలకోసారి ఏదో ఒక వాల్యూమ్‌ని వేరే చోట రిస్టోర్ చేసి తెరిచి చూడండి.

రోజువారీ పని పెద్దగా లేదు. నేను సోమవారం ఉదయం పావుగంట కేటాయిస్తాను. స్విచ్ పోర్టుల ఎర్రర్ కౌంటర్లు పోయిన వారం అంకెతో పోలుస్తాను, సర్వర్లలో దారుల లెక్క చూస్తాను, ఖాళీ ఎంత మిగిలిందో చూస్తాను. థిన్ ప్రొవిజనింగ్, అంటే ఉన్న చోటు కంటే ఎక్కువ ఉన్నట్టు సర్వర్లకి చూపించడం, వాడితే 20 శాతం మిగిలినప్పుడే కొనుగోలు కాగితాలు కదపండి, సంతకాలయ్యేసరికి అది 10 అవుతుంది. తర్వాత నడుచుకుంటూ ర్యాక్ ముందుకీ వెనక్కీ వెళ్లి లైట్లు చూస్తాను. నెలకోసారి కావాలనే ఒక టెస్ట్ హెచ్చరిక పంపి, ఫోన్ మోగిందా చూస్తాను. హెచ్చరికలు రాని నెల ప్రశాంతమైన నెలో, మెయిల్ ఆగిపోయిన నెలో అలాగే తెలుస్తుంది.

చివర్లో అడిగారు, నాలుగు గంటల సపోర్ట్ కాంట్రాక్ట్ ఉండగా బీరువాలో స్పేర్ డిస్కులు ఎందుకని. ముందు కాంట్రాక్ట్ కాగితం తీసి ఆ నాలుగు గంటలు దేనికో చదవండి. చాలాసార్లు అది మనిషి రావడానికి, లేదా తిరిగి ఫోన్ చేయడానికి. భాగం చేతికి రావడానికి కాకపోవచ్చు. ఒక్కో రకానికి రెండేసి స్పేర్లు పెట్టుకోండి, పెట్టే ముందు వాటిని ఒకసారి షెల్ఫులో పెట్టి కంట్రోలర్ గుర్తుపడుతోందో లేదో చూడండి. పాత ఫర్మ్‌వేర్‌తో మూడేళ్లు బీరువాలో పడుకున్న డిస్కుని అవసరమైన రాత్రి కంట్రోలర్ తిరస్కరిస్తే, అది డిస్కు కాదు, ఇనప ముక్క. పోయిన డిస్కుల్ని వెండర్‌కి తిరిగి పంపాల్సి వస్తే ముందు ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే డిస్కులు మీ దగ్గరే ఉంచుకునే షరతు కాంట్రాక్ట్‌లో రాయించుకోండి. అది కొనేటప్పుడు అడిగితే సులువుగా ఒప్పుకుంటారు. మీరు ఇంకా ఆర్డర్ మీద సంతకం చేయలేదన్నారు కదా, రేపే అడగండి.